నోటిలెక్క, కాగితం లెక్క

కోదాడ దాటి విజయవాడ వైపు పోతుంటే రామాపురం క్రాస్‌రోడ్డు తర్వాత తెలంగాణ అయిపోతుంది. అవతల జగ్గయ్యపేట. రెండు వైపులా అదే తెలుగు, అదే వరి, అదే సాగర్ ఎడమ కాలువ నీళ్లు. మారేది భూమి లెక్క. ఇవతల ఎకరానికి నలభై గుంటలు, అవతల ఎకరానికి వంద సెంట్లు. రెండు చోట్లా పాస్‌పుస్తకంలో విస్తీర్ణం రాసే తీరు ఒకటే: 1.20. కోదాడలో అది ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. జగ్గయ్యపేటలో ఎకరం ఇరవై సెంట్లు, అంటే ఎకరం మీద ఐదో వంతు. ఎకరం ముప్పై లక్షలు అనుకుంటే, ఒకేలా కనిపించే ఆ రెండు అంకెల మధ్య తొమ్మిది లక్షల రూపాయల తేడా ఉంది.

చుక్క కనబడగానే దశాంశ బిందువు అనుకోవడం బడి నేర్పిన అలవాటు. గుంటల లెక్కలో అది ఎకరాల నుంచి గుంటలను విడదీసే గుర్తు, అంతే. తండ్రి పేరున 3.20 ఉంది, ఇద్దరు కొడుకులు పంచుకోవాలి. డిగ్రీ చదివిన మనవడు ఫోన్‌లో 3.20ని రెండుతో భాగిస్తే 1.60 వస్తుంది. అరవై గుంటలు చూపే పాస్‌పుస్తకం తెలంగాణలో ఉండదు, నలభై నిండితే అది ఇంకో ఎకరమే కదా. బడి మెట్టెక్కని తాత అరుగు మీద కూర్చునే చెప్పేస్తాడు: "మూడెకరాల్ల సగం ఎకరంన్నర. ఇరవై గుంటల్ల సగం పది. ఎకరంన్నర అంటే ఎకరం ఇరవై గుంటలాయె. పది కలిపితే ఎకరం ముప్పై." పాస్‌పుస్తకంలో 1.30. తాత లెక్కే సరైంది.

అయితే ఆ తాత 3.20ని ఎవరైనా 3.02 అని నమోదు చేస్తే, చదివి చెప్పే మనిషి దొరికేదాకా ఆయనకు సంగతి తెలియదు. ఈలోగా పద్దెనిమిది గుంటలు పోతాయి. మనవడికి కాగితం తెలుసు, కాగితం వెనక ఉన్న నేల కొలత తెలియదు. తాతకు కొలత తెలుసు, కాగితం తెలియదు. ఈ రెండు తెలివిడులూ ఒకే మనిషిలో కలవాలి. అవి కలవాల్సిన చోటు ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా ఉన్న గది. అక్కడ కలవకపోతే తర్వాత కలపడం చాలా కష్టమవుతుంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

బ్రెజిల్‌లో రెసీఫె అనే ఊరి వీధుల్లో కొబ్బరికాయల వంటివి అమ్ముకునే పిల్లల మీద టెరెజిన్యా నూనెస్, డేవిడ్ కరాహెర్, అనలూసియా ష్లీమన్ ఒక అధ్యయనం చేసి 1985లో ప్రచురించారు. పిల్లలు ఐదుగురే, తొమ్మిది నుంచి పదిహేనేళ్ల వాళ్లు. పరిశోధకులు మామూలు కొనుగోలుదారుల్లా వెళ్లి బేరమాడారు. ఒక కాయ 35 అయితే నాలుగు కాయలెంత? మూడు కాయలకు నూట ఐదు, ఇంకో ముప్పై కలిపితే నూట ముప్పై ఐదు, మిగిలిన ఐదు కలిపితే నూట నలభై. అంగడిలో వాళ్లు చెప్పిన జవాబుల్లో నూటికి 98 సరైనవి. తర్వాత అవే లెక్కలను కాగితం మీద అంకెలుగా రాసి ఇస్తే సరైన జవాబులు నూటికి 37కి పడిపోయాయి. నాలుగు ముప్పై ఐదులు నూట నలభై అని నోటితో చెప్పిన పిల్లవాడే కాగితం మీద గుణకారం చేసి 200 అని రాశాడు. మనసులో ముప్పై ఐదును ముప్పై, ఐదుగా విడగొట్టి కలిపినవాడు, కాగితం మీద ఎప్పుడో బట్టీపట్టిన మెట్లను సగం గుర్తుతో ఎక్కబోయాడు.

మన దేశంలో ఇదే ప్రశ్నను చాలా పెద్ద ఎత్తున అడిగారు. నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎలిజబెత్ స్పెల్కీ బృందం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే దాదాపు 1,400 మంది పిల్లలను పరీక్షించింది. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాలు అటూ ఇటూ కూడా బాధ కలిగిస్తాయి. కిలో ఇరవై చొప్పున ఎనిమిది వందల గ్రాముల ఆలుగడ్డ, కిలో పదిహేను చొప్పున కిలో నాలుగు వందల గ్రాముల ఉల్లిగడ్డ కలిపి ఎంత అంటే, అంగడి పిల్లలు కాగితం, కలం లేకుండా ముప్పై ఏడు అని చెప్పేస్తారు. బడి లెక్క ఇస్తే తడబడతారు. బడికే పోయే పిల్లలు రాతలెక్కల్లో వాళ్లకంటే మెరుగు. అంగడి లెక్క ముందు పెడితే మాత్రం నిలిచిపోయారు. పనిచేసే పిల్లల్లో మూడో వంతుకు పైగా విప్పిన ఒక లెక్కను బడిపిల్లల్లో నూటికి ఒక్కరే విప్పగలిగారు. ఒక చోట వచ్చిన లెక్క దానంతటదే ఇంకో చోటికి నడిచిపోదని తేలింది.

సూర్యాపేట మార్కెట్ యార్డులో ఈ సంగతికి రూపాయల్లో వెల కట్టవచ్చు. ధాన్యం రాశి పోస్తారు, తేమ చూస్తారు, దడ్వాయి కాంటా వేస్తాడు, చివరికి రైతు చేతికి తక్‌పట్టీ వస్తుంది. చిన్న చీటీ. అందులో బస్తాల సంఖ్య, తూకం, ధర, హమాలీ ఖర్చు, కోతలు, చేతికొచ్చే మొత్తం ఉంటాయి. మిర్యాలగూడ మిల్లుల దగ్గర కోత మిషన్ నుంచి ట్రాక్టర్‌లో నేరుగా వచ్చే పచ్చి ధాన్యం సంగతైతే తేమ లెక్క మీదే అంతా నిలిచి ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలులో వడ్లకు తేమ పరిమితి 17 శాతం.

ఇక్కడ శాతం అంటే ఏమిటో తెలిసిన రైతుకు, తెలియని రైతుకు తేడా చూడండి. ధాన్యంలో తేమ 20 శాతం వచ్చింది. 17కి దిగాలంటే ఎంత బరువు తగ్గాలి? మూడు శాతమే కదా, క్వింటాలుకు మూడు కిలోలని చాలామంది అనుకుంటారు. నిజానికి నూరు కిలోల్లో ఎండు గింజ ఎనభై కిలోలు. ఆ ఎనభై కిలోలు మొత్తంలో 83 శాతం కావాలి. ఎనభైని 0.83తో భాగిస్తే 96.4. అంటే తగ్గాల్సింది మూడు కిలోలా ఆరువందల గ్రాములు. నలభై కిలోల బస్తాకు కిలోన్నర లోపు. ఈ లెక్క చేతిలో ఉన్న రైతు తేమ పేరున కిలోన్నర తరుగు తీస్తే న్యాయమేనని ఒప్పుకుంటాడు, మూడు కిలోలు తీస్తే ఆపి నిలదీస్తాడు. తేమ 17 లోపే ఉంటే తేమ పేరున తీయాల్సింది ఏమీ లేదు. బస్తాకు ఒక్క కిలో అదనంగా పోయినా, నూరు క్వింటాళ్లు అమ్మినవాడికి 250 బస్తాల మీద రెండున్నర క్వింటాళ్లు పోతాయి. 2025-26 వానాకాలం ఏ గ్రేడు మద్దతు ధర 2,389 రూపాయలు. ఆ చొప్పున దాదాపు ఆరువేలు. తూకం కళ్ల ముందే జరుగుతుంది, మోసం జరిగితే అది కంటికి కనబడని భాగహారంలో జరుగుతుంది.

వడ్డీది ఇంకో కథ. ఊళ్లో వడ్డీని రూపాయల్లో చెబుతారు. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. బ్యాంకు పంట రుణాన్ని ఏడాది శాతాల్లో, ఏడు శాతమని చెబుతుంది. సకాలంలో కడితే అది నాలుగుకు దిగుతుంది. రెండు చిన్నదా, ఏడు చిన్నదా అని పక్కపక్కన పెడితే అంకెలు అబద్ధమాడతాయి. 2004 తర్వాత మహిళా సంఘాల రుణాలకు పావలా వడ్డీ అని పేరు పెట్టినవాళ్లు ఈ విషయం ఎరిగినవాళ్లే. నెలకు నూటికి పావలా, ఏడాదికి మూడు శాతం. జనం నోటిలెక్కలోనే చెప్పారు కాబట్టి ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

దీనికి పూర్తి వ్యతిరేకం సూక్ష్మరుణ సంస్థల లెక్క. పదివేలు అప్పు, పదిహేను శాతం వడ్డీ, మొత్తం పదకొండు వేల ఐదు వందలు, వారానికి 230 చొప్పున యాభై వారాలు. పదిహేను శాతమంటే రూపాయింబావలా, ఊరి వడ్డీ కంటే చవకే అనిపిస్తుంది. కానీ పదివేలూ ఏడాదంతా మన దగ్గర ఉండవు. మొదటి వారం నుంచే అసలు తగ్గుతూ పోతుంది, వడ్డీ మాత్రం మొత్తం పదివేల మీద వేస్తారు. విడమర్చి చూస్తే అది ఏడాదికి 29 శాతం, ఇంచుమించు రెండు రూపాయల నలభై పైసల వడ్డీ. 2010లో సూక్ష్మరుణాల సంక్షోభం ముదిరి, ఆ అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చే నాటికి, సంతకం పెట్టడం నేర్చుకున్న ఆడవాళ్లే తాము సంతకం పెట్టిన కాగితంలోని ఈ లెక్కకు చిక్కి ఉన్నారు. సంతకం నేర్పి అక్కడే ఆగిపోతే చదువు చెప్పినట్టు కాదని నేను గట్టిగా అనుకునేది అందుకే.

అంతకుముందు తరాలకు ఆ సంతకమూ లేదు. నిజాం కాలంలో నల్లగొండ జిల్లా రైతుకు భూమి దస్తావేజులు ఉర్దూలో ఉండేవి, వాటిని చదివేది పట్వారీ. నాగుకు తెచ్చుకున్న వడ్లు పంట చేతికి రాగానే ఒకటికి ఒకటిన్నర చొప్పున కొలవాలి. ఎంత తెచ్చింది, ఎంత కొలిచింది అన్నది దొర ఖాతాలో ఉండేది. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడపడమూ, తెలంగాణ ఊళ్లలో గ్రంథాలయాలు పెట్టడమూ రాజకీయమైంది ఇందుకే. కాగితాన్ని చదివే హక్కు కోసం జరిగిన పోరాటమది.

అన్నీ చదివే తీరాలని కాదు, చదవలేనివాళ్ల కోసం తెలివిగా చేసిన ఏర్పాట్లూ ఉన్నాయి. పురుగుమందు డబ్బా మీద వజ్రం ఆకారపు గుర్తులో కింది సగానికి వేసే రంగు అలాంటిదే: ఎరుపు అత్యంత విషం, పసుపు తీవ్ర విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ తక్కువ. రంగు ప్రమాదాన్ని చెబుతుంది. ఎంత కలపాలో చెప్పదు. లీటరుకు రెండు మిల్లీలీటర్లంటే ఇరవై లీటర్ల ట్యాంకుకు నలభై. ఈ గుణకారం తెలియని చోట మూత కొలతవుతుంది, పక్క చేను రైతు మాట కొలతవుతుంది. జ్వరం సిరప్ సీసా మీద పిల్ల బరువును బట్టి ఇచ్చిన మోతాదు కూడా ఇంతే.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి నల్లగొండ జిల్లా అక్షరాస్యత 64 శాతం. స్త్రీలలో సుమారు 54. ఏడేళ్లు నిండి ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వస్తే అక్షరాస్యులని నిర్వచనం. లెక్కలు సేకరించేవాళ్లు చదివించి చూడరు, ఇంటివాళ్లు చెప్పింది రాసుకుంటారు. అంకెల తెలివిడి గురించి ఆ నిర్వచనంలో ఒక్క మాట కూడా లేదు.

ఇంతకీ చదవడం మనిషికి ఎలా వస్తుంది? మెదడులో చదవడానికంటూ పుట్టుకతో వచ్చిన చోటు లేదు. మాట లక్షల ఏళ్లది, రాత ఐదువేల ఏళ్లది. అంత తక్కువ కాలంలో పరిణామం కొత్త అవయవాన్ని ఇవ్వదు. ఫ్రాన్స్ శాస్త్రవేత్త స్టనిస్లాస్ దెహాన్ బృందం 2010లో పోర్చుగల్, బ్రెజిల్ దేశాలకు చెందిన 63 మంది మెదళ్లను స్కాన్ చేసి పోల్చింది. వాళ్లలో చదువు రానివాళ్లు, చిన్నప్పుడే చదువుకున్నవాళ్లు, పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. చదువు వచ్చినవాళ్లలో ఎడమ వైపు వెనక భాగాన, మొహాలను, వస్తువులను పోల్చుకునే ప్రాంతం పక్కన, ఒక చోటు అక్షరాల పని చేపట్టింది. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లలోనూ ఆ మార్పు కనిపించింది. లక్నో దగ్గరి పల్లెల్లో చదువురాని పెద్దవాళ్లకు ఆరు నెలలు దేవనాగరి నేర్పి 2017లో ప్రచురించిన అధ్యయనం కూడా మెదడు ఆ వయసులో మారుతుందనే చూపింది.

పెద్దల చదువుకు ఎంత బలముందో చూడాలంటే 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాను తలచుకోవాలి. అక్షరదీపం రాత్రిబడుల్లో ఆడవాళ్లు చదివిన వాచకంలో, సారా దుకాణం మూయించిన సీతమ్మ కథ ఒక పాఠం. 1992లో దూబగుంట ఆడవాళ్లు ఆ పనే చేశారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధమైంది. ఆ వాచకం అ ఆలతో మొదలై అ ఆలతోనే ముగిసి ఉంటే అది జరిగేది కాదు. వాళ్ల బతుకే వాళ్లకు పాఠంగా వచ్చింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. చదువు వస్తే బుద్ధి అంతా మారిపోతుందన్న నమ్మకాన్ని సిల్వియా స్క్రిబ్నర్, మైఖేల్ కోల్ పరీక్షించారు. లైబీరియాలోని వాయ్ ప్రజలకు సొంత లిపి ఉంది, దాన్ని బడిలో కాకుండా ఇళ్లలోనే నేర్చుకుంటారు. 1981లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, లిపి నేర్చినంత మాత్రాన ఆలోచనా శక్తి మొత్తంగా పెరగలేదు. ఆ లిపితో ఏ పనులు చేస్తారో ఆ పనుల్లోనే నేర్పు పెరిగింది. ఉత్తరాలు రాసేవాళ్లకు ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పే నేర్పు వచ్చింది. దేనికి వాడతామో అదే వస్తుంది.

ఇప్పుడు ఒకటో తరగతికి వద్దాం. తెలుగు లిపి ధ్వనికి దగ్గరగా ఉంటుంది కాబట్టి తేలిక అంటారు. సగం నిజం. యాభై ఆరు అక్షరాలు వస్తే చదువు వచ్చినట్టు కాదు, గుణింతాలు, ఒత్తులు కలిపితే పిల్ల కన్ను పోల్చుకోవాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. ఇంకా చిక్కు ఏమిటంటే చూపు వెళ్లే క్రమం, మాట పలికే క్రమం ఒకటి కావు. 'బస్టాండ్' అన్న బోర్డు చూడండి. దీర్ఘం 'స' మీద ఉంది, 'ట' కింద ఉంది. పలికేటప్పుడు దీర్ఘం 'ట' తర్వాత వస్తుంది. మొదటిసారి చూసిన పిల్ల 'బసాట' అంటే అది మొద్దుతనం కాదు, కంటికి కనిపించిన వరసనే నిజాయితీగా చదివింది. మన లిపికి చుట్టమైన కన్నడంలో సొనాలి నాగ్ చేసిన పరిశోధన ప్రకారం, అక్షర రూపాల మీద పూర్తి పట్టు రావడానికి నాలుగో తరగతి దాకా పడుతుంది. ఇంగ్లిషు పిల్లల వేగంతో మన పిల్లలను పోల్చి తొందరపెట్టడం తప్పు. ఒకటో తరగతిలోనే ఒత్తులన్నీ అయిపోయాయని సిలబస్ మూసేయడం అంతకంటే పెద్ద తప్పు.

కూడబలుక్కుంటూ చదివే పిల్లకు వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరుపుకు వస్తుంది. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేది కొద్దిగానే. అది అక్షరాలు పోల్చుకోవడంలోనే ఖర్చయిపోతే అర్థానికి మిగలదు. అందుకే ధారాళంగా చదవడం అలంకారం కాదు, అర్థానికి దారి. నిమిషానికి ఇన్ని పదాలని గీత గీసేటప్పుడు తెలుగులో పదం పొడవు కూడా చూడాలి. 'చదవలేకపోయారు' అన్న ఒక్క మాటలో ఇంగ్లిషు నాలుగైదు మాటలు ఉన్నాయి. 2022లో మూడో తరగతి పిల్లల మీద జాతీయ స్థాయిలో జరిగిన పునాది అభ్యసన అధ్యయనం ఇరవై భాషలకు వేర్వేరుగా ప్రమాణాలు పెట్టింది. అది సరైన పని.

అర్థం లేని చదువు మీద ఫిర్యాదు కొత్తది కాదు. 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 వీధిబడుల మీద మద్రాసు ప్రభుత్వానికి నివేదిక రాశాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతూ పైకి పలుకుతారనీ, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెబుతారనీ, ఇది చాలా తక్కువ ఖర్చుతో నడిచే మంచి పద్ధతి అనీ మెచ్చుకున్నాడు. వాడుకలో లేని కావ్యభాషను అర్థం తెలియకుండా వల్లె వేయిస్తున్నారని తప్పుపట్టాడు. ఇసుకలో వేలితో రాస్తూ పలకడం నిజంగా మంచి పద్ధతే. కన్ను, చెయ్యి, చెవి ఒకేసారి పనిచేస్తాయి. మనం ఆ ఇసుకను వదిలేసి వల్లెను మాత్రం నిలుపుకున్నాం.

ఇంటి మాటకూ పుస్తకం మాటకూ దూరం ఉన్న చోట అర్థం ఇంకా వెనకబడుతుంది. మిర్యాలగూడ, సూర్యాపేట చుట్టూ తండాలు చాలా ఉన్నాయి. లంబాడీ పిల్లకు ఇంట్లో గోర్‌బోలి, బళ్లో తెలుగు, 2022-23 నుంచి ప్రభుత్వ బడిలోనూ ఇంగ్లిషు మాధ్యమం. ఆరేళ్ల వయసులో మూడు భాషల మోత. ఉమ్మడి రాష్ట్రంలో ఇరవై ఏళ్ల కింద ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టినప్పుడు వాటిలో బంజారా పేరుతో ఈ గోర్‌బోలి కూడా ఉంది. దాన్ని కొనసాగించి పెంచాల్సింది. ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిషు ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. మంచిదే, కానీ గోర్‌బోలికి ఆ పుస్తకంలో పేజీ లేదు.

అంకెల దగ్గర మన భాష పిల్లలకు మేలే చేస్తుంది. పదకొండు, పన్నెండు దాటితే ఇరవై ఒకటి, ముప్పై రెండు అంటూ పదుల తర్వాత ఒకట్లు క్రమంగా వస్తాయి. హిందీ పిల్లలు నూరు దాకా ఒక్కో మాటను విడిగా గుర్తుంచుకోవాలి. అయినా 'నూట ఐదు' రాయమంటే మన పిల్లలు 1005 అని రాస్తారు. విన్నది విన్నట్టు రాశారు: నూరు, పక్కన ఐదు. స్థానవిలువ చెవికి వినబడదు, కాగితం మీదే ఉంటుంది. నూరు రూపాయల నోటు, ఐదు రూపాయల బిళ్ల ముందు పెట్టి, పది రూపాయల నోటు ఒక్కటీ లేని ఖాళీ చోటును చూపించి, ఆ ఖాళీకి సున్న రాస్తామని చెబితే పిల్లకు సున్న ఎందుకో తెలుస్తుంది. ఈ ఒక్క పాఠానికి వారం పట్టినా పెట్టాలి.

తీసివేతలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 52లోంచి 27 తీయమంటే చాలామంది పిల్లలు 35 రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. ఆ పిల్లనే కిరాణా కొట్టుకు పంపి, ఇరవై ఏడు రూపాయల సామానుకు యాభై రెండు ఇస్తే తిరిగి ఎంత రావాలని అడగండి. ఇరవై ఏడుకు మూడు కలిపితే ముప్పై, ఇరవై కలిపితే యాభై, ఇంకో రెండు, మొత్తం ఇరవై ఐదు. బళ్లో మనం అప్పు తెచ్చుకోవడం నేర్పుతాం, కొట్టు లెక్కను బళ్లోకి రానివ్వం. రెండు దారులూ పక్కపక్కన రాయించి, ఒకే జవాబు రావాలని, రాకపోతే ఒకటి తప్పని పిల్లకు చూపించాలి. జవాబు సరైందో కాదో తనే తేల్చుకోవడం అప్పుడు అలవాటవుతుంది. పెద్దయ్యాక తక్‌పట్టీని చూసి అనుమానపడేది ఆ అలవాటే.

ఆటలు మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నాయి. వామనగుంటల్లో ఒక్కో గుంటకు ఒక్కో చింతగింజ వేసుకుంటూ పోవడమంటే, ఒక వస్తువుకు ఒక అంకె అన్న మొదటి సూత్రాన్ని చేతితో నేర్చుకోవడమే. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వల్లో ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూడగానే, లెక్కపెట్టకుండానే మూడు అని చెప్పడం ఇంకో నేర్పు. అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ పేద కుటుంబాల పిల్లలతో ఒకటి నుంచి పది దాకా వరుస గళ్లున్న పటం మీద ఆట ఆడించారు. పావుగంట చొప్పున నాలుగుసార్లు, అంతే. 2008లో ప్రచురించిన ఫలితాల్లో ఆ పిల్లల అంకెల అవగాహన బాగా పెరిగింది, తొమ్మిది వారాల తర్వాతా నిలిచింది. గళ్లకు అంకెల బదులు రంగులు మాత్రమే వేసి ఆడిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు.

ఢిల్లీలో ప్రథమ్ సంస్థ బాలవాడుల్లో 1,540 మంది పిల్లలతో చేసిన ప్రయోగం ఇందులో హెచ్చరిక కూడా ఉందని చెప్పింది. ఆటల వల్ల పిల్లలకు పరిమాణాల మీద, ఆకారాల మీద సహజ గ్రహింపు పెరిగింది, ఏడాది దాటినా నిలిచింది. బడిలో రాత అంకెల లెక్కలకు మాత్రం అది సాయపడలేదు. ఆటను అంకెతో, అంకెను రాతతో ముడివేసేవాళ్లు లేకపోతే ఆట ఆటగానే ఉండిపోతుంది. గింజలు వేసిన చేతే పలక మీద ఆ సంఖ్య రాయాలి. అంగన్‌వాడీలో, ఒకటో తరగతిలో టీచర్ అసలు పని ఆ ముడి వేయడమే.

2005 నుంచి, పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ నివేదికల కోసం ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి ఒక్కో పిల్లను కూర్చోబెట్టి చదివిస్తున్నారు. 2024 లెక్క ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 27 శాతం, తీసివేత చేయగలిగినవాళ్లు సుమారు 34 శాతం. తెలంగాణ ప్రభుత్వం 2022 ఆగస్టు 15న ప్రాథమిక తరగతులకు తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలుపెట్టింది. వయసును, తరగతిని పక్కనబెట్టి పిల్ల ఏ మెట్టు మీద ఉందో చూసి అక్కడి నుంచి చెప్పడం దాని మూలసూత్రం. అది సరైన సూత్రం. కానీ ఒకే టీచర్ ఐదు తరగతులు చూసుకునే బళ్లో అది రిజిస్టర్ నింపే పనిగా మారిపోతుంది. మనుషులను ఇవ్వకుండా పద్ధతిని మాత్రం ఇస్తే సరిపోదు.

మూడో తరగతి చదివే పిల్ల మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటే ఈ వారం ఒక పావుగంట ఆమెతో కూర్చోండి. రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేజీ పైకి చదివించి, కథ ఏమిటో సొంత మాటల్లో చెప్పమనండి. 52లోంచి 27 ఒకసారి కాగితం మీద, ఒకసారి నోట్లు, చిల్లర పెట్టి చేయించండి. మీ పాస్‌పుస్తకం తెరిచి అందులోని విస్తీర్ణం ఎన్ని గుంటలో అడగండి. ఎక్కడ ఆగిపోయిందో సరిగ్గా గుర్తుపెట్టుకుని ఆమె టీచర్‌కు చెప్పండి: అక్షరాలు వచ్చాయి, ఒత్తులు రాలేదు, నోటితో వచ్చింది, రాస్తే రాలేదు. పిల్లను తిట్టకండి, ట్యూషన్‌కు తోలకండి. ఆగిన చోటు తెలిసిన టీచర్‌కు అక్కడి నుంచి నేర్పడం సాధ్యమవుతుంది.